సరిహద్దు ఊళ్ళలో బిడ్డల పెంపకానికి తోడును ఏర్పరచుకోవడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు, ముఖ్యంగా కొత్తగా పెళ్ళయినవారు, తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. కన్నవారిల్లు శ్రీకాకుళం జిల్లాలోనో పార్వతీపురం దగ్గరో ఉంటుంది, భర్త ఉద్యోగమో వ్యాపారమో ఒడిశాలో ఉంటుంది, చుట్టుపక్కల ఇళ్ళలో ఒడియా మాట్లాడుతారు. అలాంటప్పుడు బిడ్డ కడుపున పడింది మొదలు ఆ బిడ్డ చేతికి అందివచ్చే వరకు తమకు ఎవరు తోడుంటారు, వాళ్ళను ఎలా వెతుక్కోవాలి అన్నదే ఆ ప్రశ్న. అందరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట వరుసగా రాయడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. తోడు వెతకడం మనుషుల పేర్లతో కాకుండా పనులతో మొదలుపెట్టండి. బంధువులు ఎంతమంది ఉన్నా, రాత్రి రెండు గంటలకు ఆసుపత్రికి బండి తీసేది ఎవరో తేలని ఇళ్ళు చాలా ఉన్నాయి. మనుషులు లేక కాదు, ఆ పని ఫలానావారిదని ముందుగా మాట్లాడుకోకపోవడం వల్ల అలా జరుగుతుంది.

కావలసినవి

ఒక నోటు పుస్తకం, తల్లీబిడ్డల రక్షణ కార్డు (అంగన్‌వాడీలో పేరు నమోదయ్యాక ఇస్తారు), తల్లి ఆధార్ కార్డు, తల్లి పేరనే ఉండి ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా పుస్తకం, అందరికీ అందుబాటులో ఉండే ఒక ఫోను. వీటితోపాటు భార్యాభర్తలిద్దరూ, వీలైతే అత్తగారు కూడా, కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక సాయంత్రం కావాలి. కాగితాలన్నీ సమకూర్చుకుని ఈ చివరిదాన్ని మాత్రం వదిలేసేవారే ఎక్కువ.

1. పనులు రాసి, ఒక్కో పనికి ఇద్దరి పేర్లు పెట్టండి

పుస్తకంలో ఒక పేజీకి ఎడమవైపు పనులు రాయండి. అర్ధరాత్రి వెంట రావడం, పెద్ద బిడ్డను రెండు రోజులు చూసుకోవడం, మీరు ఆసుపత్రిలో ఉంటే ఇంటికి అన్నం వండి పంపడం, ఒడియాలో మాట్లాడి పెట్టడం, అవసరమైతే రక్తం ఇవ్వడం, చేతి అప్పుగా కొంత డబ్బు సర్దడం, ఏమీ చేయకపోయినా కూర్చుని మీ మాట వినడం. కుడివైపు ఒక్కో పనికి ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు రాయండి. ఒక్కరి పేరే రాస్తే ఆ రోజు ఆ మనిషి ఊళ్ళో లేకపోతే మీరు మళ్ళీ మొదటికే వస్తారు.

ఈ పేజీలో చాలామంది చేసే పొరపాటు, ప్రతి వరుసలోనూ అమ్మ పేరే రాయడం. టెక్కలిలో ఉన్న అమ్మ ఎంత ప్రేమగలదైనా, గుణుపురంలోని మీ ఇంటికి చేరడానికి రైలు ఎక్కాలి. అరగంటలో రాగలిగినవారి పేర్లు ఒక రంగు సిరాతోనూ, ఒకటి రెండు రోజుల్లో వచ్చి కొన్నాళ్ళు ఉండగలిగినవారి పేర్లు మరో రంగుతోనూ రాయండి. మొదటి రంగు పేర్లు లేని పని కనిపిస్తే, ముందు అక్కడ మనిషిని వెతకండి.

అలా వెతికేటప్పుడు తెలుగువారి కోసమే చూడకండి. గోడ అవతల ఉన్న ఒడియా ఇల్లాలు, మీ భాష రాకపోయినా, దూరాన ఉన్న పినతల్లి కంటే ఆపదలో ముందుగా అందే మనిషి. భాష పూర్తిగా వచ్చాకే స్నేహం చేద్దామని ఆగితే బిడ్డకు మూడేళ్ళు వస్తాయి. "మో ఛువాకు జొరొ హొయిచి" (మా బిడ్డకు జ్వరం వచ్చింది), "ఖీరొ ఖావుని" (పాలు తాగడం లేదు) వంటి నాలుగైదు మాటలు ఆమె దగ్గరే నేర్చుకోండి. నేర్పమని అడగడంతోనే పలకరింపు మొదలవుతుంది.

2. మూడో నెల దాటకముందే మీ ఊరి ఆరోగ్య కార్యకర్తలను కలవండి

ఆశా దీదీ, అంగన్‌వాడీ దీదీ, ఏఎన్ఎం (ఆరోగ్య ఉపకేంద్రంలోని నర్సు) ముగ్గురినీ విడివిడిగా కలిసి వాళ్ళ నంబర్లు తీసుకోండి. పేరు నమోదు కావడానికి ఇది ఎలాగూ అవసరం. కానీ ఊళ్ళో అదే నెలలో ఉన్న మిగిలిన గర్భిణులు ఎవరో తెలిసినది వీళ్ళకే. "నాలాగే నాలుగో నెల నడుస్తున్నవాళ్ళు ఈ వీధిలో ఎవరైనా ఉన్నారా?" అని నేరుగా అడగండి. మొహమాటపడి ఎవరూ అడగని ప్రశ్న ఇది. రెండు మూడేళ్ళు మీకు పక్కనుండే స్నేహం చాలావరకు దీనితోనే దొరుకుతుంది.

గ్రామాల్లో నెలకోసారి జరిగే ఆరోగ్య, పోషణ దినాన్ని ఒడిశాలో మమతా దివస్ అంటారు. ఆ రోజు టీకా వేయించుకుని వెంటనే ఇంటికి వచ్చేయకండి. బిడ్డను తూకానికి వేలాడదీసినప్పుడు కాళ్ళు తన్నుకుంటూ ఏడుస్తుంటే, పక్కన నిలబడ్డ మరో తల్లి తన బిడ్డను ఒక చంకన పెట్టుకునే రెండో చేత్తో మీ బిడ్డ కాళ్ళు పట్టుకుంటుంది. తూకం ముల్లు నిలిచే వరకు ఇద్దరూ దాని వంకే చూస్తారు. ఆమె పేరు, ఇల్లు అడిగి తెలుసుకుని మరీ రండి. పట్టణంలో ఉండి అంగన్‌వాడీకి వెళ్ళే అలవాటు లేనివారు ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు వైద్యులు ఉచితంగా చేసే పరీక్షల రోజును వాడుకోవచ్చు. అక్కడి వరుసలో గంటసేపు పక్కపక్కన కూర్చునేది మీ ఈడు తల్లులే.

పథకాల విషయం క్లుప్తంగా చెబుతాను. గర్భిణులకు, బాలింతలకు డబ్బు సాయం అందించే మమతా పథకం ఒడిశాలో 2011 నుంచి ఉంది. అలాంటిదే, దేశమంతటా ఉన్న మాతృ వందన పథకం కూడా ఉంది. మొత్తాలు, నియమాలు మారుతుంటాయి కనుక మీకు ఏది ఎంత వర్తిస్తుందో అంగన్‌వాడీ దీదీనే అడగండి. రెండు రాష్ట్రాల్లోనూ పేర్లు నమోదు చేయించి రెండుచోట్లా డబ్బు తీసుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి. ఆధార్ ఒక్కటే కాబట్టి రెండు దరఖాస్తులూ చిక్కుల్లో పడతాయి.

3. పురుడు ఎక్కడ పోయాలో ఏడో నెలకు ముందే తేల్చుకోండి

మన వైపు తొలి కాన్పు కన్నవారింట జరగడం ఆనవాయితీ. సరిహద్దు దాటి వెళ్ళే సందర్భంలో ఈ ఆనవాయితీ వల్ల తల్లికి తోడు తెగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఏడు నెలలు ఒడిశాలో ఒక ఆశా దీదీ చూసుకుంటుంది. సీమంతం అయ్యాక మీరు ఆంధ్రకు వెళ్తారు. అక్కడి ఆశా కార్యకర్తకు మీరు వచ్చిన సంగతే తెలియదు. మూడో నెలలో బిడ్డతో తిరిగి వచ్చేసరికి ఇక్కడివారు మీరు ఇంకా అక్కడే ఉన్నారనుకుంటారు. రెండు ఊళ్ళవారూ మంచివారే అయినా, బిడ్డకు వేయవలసిన టీకా ఒకటి ఆ మధ్యలో జారిపోతుంది.

అందుకని బయలుదేరే ముందు ఇవి చేయండి.

తల్లీబిడ్డల కార్డులో చాలాభాగం ఒడియా లిపిలో ఉంటుంది. రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, రక్తపోటు, వేసిన టీడీ (ధనుర్వాతం రాకుండా వేసే) ఇంజెక్షన్ల తేదీలు, కాన్పు రావలసిన తేదీ, ఈ అయిదింటినీ ఏఎన్ఎం చేత ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాయించి కార్డులో పెట్టుకోండి. శ్రీకాకుళం వైపు ఆసుపత్రిలో నర్సు ఆ కార్డు చేతిలోకి తీసుకుని చదవలేక పక్కన పెట్టేయకుండా ఉండడానికి ఈ ఒక్క కాగితం చాలు.

మీరు ఏ ఊరు వెళ్తున్నారో, ఎప్పుడు వస్తారో ఇక్కడి ఆశా దీదీకి చెప్పండి. అక్కడికి చేరిన వారంలోపే అమ్మను వెంటబెట్టుకుని అక్కడి అంగన్‌వాడీకి, ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళి కార్డు చూపించండి. కన్నవారింటికి వచ్చిన ఆడపిల్లకు కూడా సేవలు అందించవలసినదే. అయితే మీరు వచ్చినట్టు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

కాన్పు అయ్యాక ఆసుపత్రి నుంచి ఇచ్చే డిశ్చార్జి కాగితాన్ని, బిడ్డకు వేసిన మొదటి టీకాల వివరాలను జాగ్రత్త చేయండి. జనన నమోదు బిడ్డ పుట్టిన చోటే జరగాలి, 21 రోజుల్లోగా జరగాలి. టెక్కలిలో పుట్టిన బిడ్డకు పర్లాకిమిడిలో జనన ధ్రువపత్రం రాదు. పేరు ఇంకా పెట్టలేదని నమోదును వాయిదా వేయనక్కరలేదు. పేరును తర్వాత చేర్పించుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి ముందే ఈ పత్రం చేతికి వచ్చేలా చూసుకోమని మీ తమ్ముడికో నాన్నగారికో పని అప్పగించండి.

ప్రయాణం ఎప్పుడన్నది వైద్యులను అడిగే నిర్ణయించుకోండి. తొమ్మిదో నెల నిండాక ఘాట్ రోడ్డు మీద బస్సు ప్రయాణానికి పూనుకోవద్దు. కవలలు, రక్తపోటు, మునుపటి ఆపరేషన్ వంటివి ఉంటే ఆనవాయితీని పక్కన పెట్టి, పెద్ద ఆసుపత్రి దగ్గరగా ఉన్న చోటే ఉండిపోవడం నా దృష్టిలో సరైనది. అలాంటప్పుడు అమ్మే ఇక్కడికి వచ్చి ఉండవచ్చు. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల కొండ గ్రామాల్లో ఉన్నవారికి మరొక దారి ఉంది. రోడ్డు సరిగా లేని ఊళ్ళ గర్భిణులు కాన్పుకు కొద్ది రోజుల ముందే ఆసుపత్రి దగ్గర వచ్చి ఉండేందుకు ఒడిశా ప్రభుత్వం మా గృహ అనే వసతి గృహాలు ఏర్పాటు చేసింది. మీకు దగ్గరలో ఉందో లేదో ఆశా దీదీకి తెలుస్తుంది. గర్భిణులను, పసిబిడ్డలను ఆసుపత్రికి చేర్చే బండికి 102, ఏ ఆపదకైనా 108. ఈ రెండు నంబర్లనూ తలుపు లోపలివైపు అతికించండి.

4. పురుడైన తర్వాత 42 రోజులు: ఇంట్లో ఎవరి పని ఏది

ఈ రోజుల్లో చుట్టూ మనుషులు ఎక్కువగానే ఉంటారు. అయినా తల్లి ఒంటరిగా ఉన్నట్టే ఉంటుంది, ఎందుకంటే వచ్చినవారందరూ బిడ్డను చూడడానికే వస్తారు. ఇంట్లో ఒకరికి బిడ్డ పని, మరొకరికి తల్లి పని అని విడివిడిగా అప్పగించండి. తల్లి పని చూసేవారి బాధ్యత ఇది: ఆమె పగలు ఒకసారైనా తెరిపి లేకుండా రెండు గంటలు నిద్రపోవాలి, వేళకు తినాలి, దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగాలి. పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు, కూరలు, పప్పు తగ్గించే పెద్దవారితో గొడవ పడకండి. ఏఎన్ఎం ఇంటికి వచ్చినప్పుడు వారి ఎదుటే ఆమెను అడగండి. కోడలి మాట కంటే ఆమె మాట పెద్దవారు త్వరగా వింటారు.

ఆసుపత్రిలో కాన్పు జరిగితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావాలి. ఆ తేదీలను గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. రాకపోతే ఫోను చేయండి. మర్చిపోయి ఉంటే మీ ఫోనుతో గుర్తుకు వస్తుంది.

సలహాలు ఇచ్చేవారు ఈ రోజుల్లోనే ఎక్కువ. చాలావరకు హాని లేనివే, కొన్ని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టకూడదు. ఏడాది లోపు తేనె నాకించకూడదు. చెవిలో, ముక్కులో నూనె పోయకూడదు. కడుపు ఉబ్బిందని, ఏడుపు ఆగడం లేదని బిడ్డ పొట్ట మీద వాతలు పెట్టించే అలవాటు ఈ ప్రాంతాల్లో ఇంకా పూర్తిగా పోలేదు. దానికి ససేమిరా ఒప్పుకోకండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు కాలినా చల్లబడినా, ఊపిరి నిమిషానికి 60 సార్లు దాటి ఎగపోసినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికే వెళ్ళండి. తల్లికి రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా అంతే.

తల్లి మనసు గురించి కూడా చూడాలి. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డను ఎత్తుకోవాలని అనిపించకపోతే, చచ్చిపోవాలన్న మాట నోట వస్తే, దిష్టి తీసి ఊరుకోకండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తోడికోడలో ఆడపడుచో ఆ ఫోను కలిపి ఆమె చేతికి ఇవ్వడం "ఫోను చేసుకో" అని చెప్పడం కంటే ఎంతో మేలు. చచ్చిపోవాలన్న మాట వచ్చిన తల్లిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యులకు చూపించండి.

5. మొదటి రెండేళ్ళు: ఇద్దరు ముగ్గురు తల్లులతో ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు

ఇరవై మందితో వాట్సాప్ బృందం పెట్టడం కంటే ఒకే వీధిలో ముగ్గురు తల్లులు కలిసి ఉండడం ఎక్కువ పనికొస్తుంది. మొదలుపెట్టేటప్పుడు చిన్న పని, కచ్చితమైన పని అడగండి. "ఎప్పుడైనా సాయం కావాలంటే చెప్తాను" అంటే ఎవరూ దాన్ని పట్టించుకోరు. "బుధవారం పది నుంచి పదకొండు వరకు మా పెద్దవాణ్ణి మీ ఇంట్లో ఉంచనా, చిన్నదానికి టీకా వేయించి వస్తాను" అంటే కుదిరితే సరే అంటారు, కుదరకపోతే మరో రోజు చెబుతారు. ఆ వారంలోనే మీరు వారికి ఒక పని చేసిపెట్టండి. లెక్క తేల్చుకోవడానికి కాదు, రెండోసారి అడగడానికి వారికీ మొహమాటం లేకుండా ఉండడానికి.

ఒడిశాలో 2001 నుంచి మిషన్ శక్తి కింద మహిళా సంఘాలు నడుస్తున్నాయి. అప్పు అవసరం లేదని చాలామంది వాటిలో చేరరు. చేరితే నెలనెలా ఒకచోట కూర్చునే పది మంది పరిచయమవుతారు. నడివయసు ఆడవారు ఎక్కువగా ఉంటారు కాబట్టి బిడ్డలను పెంచిన అనుభవం కూడా అక్కడే దొరుకుతుంది. అయితే పొదుపు కట్టలేని పరిస్థితి ఉంటే ముందే చెప్పి తప్పుకోండి. బాకీ పడితే స్నేహమూ పోతుంది.

ఒక హెచ్చరిక. బిడ్డ ఫోటోలు, ఆధార్, బ్యాంకు కాగితాలు వాట్సాప్ బృందాల్లో పెట్టవద్దు. వాటిలో తిరిగే మందుల పేర్లు బిడ్డకు వాడవద్దు.

భర్త సూరత్‌లోనో చెన్నైలోనో పనిచేస్తుంటే, గంజాం జిల్లాలో ఇది సాధారణమే, రెండు పనులు అదనంగా చేయండి. మొదటి పేజీలోని నంబర్లన్నీ ఆయన ఫోనులోనూ ఉండాలి, పక్కింటివారితో ఆయన ఒకసారి స్వయంగా మాట్లాడి ఉండాలి. ఆసుపత్రి ఖర్చుకు కొంత సొమ్ము తల్లి ఒక్కతే తీసుకోగలిగేలా ఉండాలి.

బిడ్డ మెడ నిలపడం, కూర్చోవడం, పలకరిస్తే చూడడం, మాటలు రావడం బాగా ఆలస్యమవుతున్నట్టు తోస్తే, "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యమే" అని ఆగకండి. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే వైద్య బృందాలు ఉన్నాయి. పెద్ద పరీక్షలకు వారు జిల్లా ఆసుపత్రికి పంపుతారు. అక్కడ అదే ఇబ్బంది ఉన్న మరో బిడ్డ తల్లి కనిపిస్తే నంబరు అడిగి తీసుకోండి. ఈ దారిలో ఆమె మాట మీకు పనికివచ్చినంతగా బంధువుల ఓదార్పు పనికిరాదు.

6. బడి వయసు

విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల నిర్వహణ కమిటీల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవారు ఉండాలి. ఒడియా రాదని సమావేశాలకు వెళ్ళడం మానేయకండి. పక్కింటివారితో కలిసి వెళ్ళి వెనుక కూర్చున్నా మీ బిడ్డ గురించి ఉపాధ్యాయులకు గుర్తుంటుంది. బిడ్డ ఒడియా మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదువుతుంటే, వీధిలోని నలుగురైదుగురు తెలుగు పిల్లలను ఆదివారం ఒక అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించండి. ఒక ఇంటి తాతగారో అమ్మమ్మో ఉంటే చాలు. పిల్లలకు అమ్మమ్మ ఊరి నుంచి వచ్చిన ఉత్తరం చదవడం వస్తుంది, తల్లులకు వారానికి ఒక గంట కూర్చుని మాట్లాడుకునే వీలు కలుగుతుంది.

7. ఎదిగే వయసు

ఇక్కడ తోడు మీకు మాత్రమే కాదు, బిడ్డకూ కావాలి. మీతో చెప్పుకోలేనిది చెప్పుకోవడానికి మీరిద్దరూ నమ్మే ఒక పెద్ద మనిషిని, మేనత్తనో పిన్నినో ఉపాధ్యాయురాలినో, ముందే అనుకోండి. ఆమె చెప్పిన ప్రతి మాటా మీకు చేరవేయాలని పట్టుబట్టకండి. ప్రాణానికి, ఒంటికి హాని ఉంటే మాత్రం తప్పక చెప్పాలని ఆమెతో ఒప్పందం చేసుకోండి. పిల్లలు తమంతట తాము ఫోను చేయగల 1098 నంబరు బిడ్డకు కంఠతా వచ్చి ఉండాలి. ఆడపిల్లకు తొందరపడి సంబంధం చూడమని బంధువులు ఒత్తిడి చేసేది కూడా ఈ వయసులోనే. పద్దెనిమిది నిండక ముందు పెళ్ళి నేరమని చెప్పి అడ్డుకోవడానికి అంగన్‌వాడీ దీదీ, ఉపాధ్యాయులు మీ వైపు నిలబడతారు. వారికి ముందుగా చెప్పి ఉంచండి.

ఏర్పాటు కుదిరిందో లేదో చూసుకోవడం

మూడు నెలలకోసారి ఇవి పరీక్షించండి.

మొదటి పేజీలో మొదటి రంగు పేర్లున్న ఒకరికి రాత్రి భోజనాల వేళ ఫోను చేయండి. ఎత్తారా, ఎత్తకపోతే ఎంతసేపటికి తిరిగి చేశారు? మరుసటి రోజు వరకూ చేయకపోతే ఆ పేరు రెండో రంగులోకి మార్చండి.

గత నెలలో మీ బిడ్డను గంటసేపు ఎవరి దగ్గరైనా వదిలి వెళ్ళారా? ఎవరి దగ్గరా వదలకపోతే మీకు పరిచయాలున్నాయి కానీ తోడు ఇంకా లేదు. బిడ్డను వదిలేముందు ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారో కనుక్కోవడం, తిరిగి వచ్చాక బిడ్డ ముఖం చూడడం, రెండూ మరిచిపోకండి.

తల్లీబిడ్డల కార్డు తెరవండి. బరువు గీత పైకి వెళ్తోందా, నిలిచిపోయిందా? 6, 10, 14 వారాల టీకాలు, తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు టీకా గడులలో తేదీలు ఉన్నాయా? ఖాళీ గడి కనిపిస్తే అది ఏ ఊళ్ళో ఉండగా జారిపోయిందో చూసి, ఇప్పుడున్న ఊరి ఏఎన్ఎంకు ఆ రోజే చూపించండి. ఆలస్యమైనా చాలా టీకాలు వేయించుకోవచ్చు.

మీరు ఇతరులకు చివరిసారి ఎప్పుడు సాయపడ్డారో గుర్తు చేసుకోండి. గుర్తు రాకపోతే ఈ వారం ఎవరి ఇంట్లో పురుడు ఉందో ఆశా దీదీని అడిగి, ఒక పూట అన్నం, పప్పు పంపండి.

అద్దె ఇల్లు మారినప్పుడు, భర్తకు బదిలీ అయినప్పుడు, ఎవరైనా ఫోను నంబరు మార్చినప్పుడు ఆ మొదటి పేజీని చించేసి కొత్తగా రాయండి. పాత నంబరు మీద గీత కొట్టి పక్కన చిన్నగా రాసిన కొత్త నంబరు, రాత్రివేళ కంగారులో ఎవరికీ కనిపించదు.